పక్కటెముక మీద గడ్డ: “తీసేయండి” అనే ముందు

ఈ పేజీకి ఎక్కువగా పిల్లల జ్వరాలు, దగ్గుల గురించే ఉత్తరాలు వస్తాయి. ఈ నెల మాత్రం ఛాతీ గోడ మీద వచ్చే గడ్డల గురించి వరుసగా అయిదు వచ్చాయి. ఇవి అరుదైన జబ్బులు. విశాఖలో పిల్లల సర్జన్‌గా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినా నేను చూసినవి తక్కువే. అరుదు కాబట్టే ఆ ఇంటివాళ్లకు ఇరుగుపొరుగులో అడగడానికి ఎవరూ దొరకరు. అందుకే ఈసారి పేజీ మొత్తం వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. సంక్రాంతి ముందు నుంచి కుడి చంక కింద నొప్పి అంటున్నాడు. క్రికెట్ ఆడి బెణికిందేమో అనుకుని బామ్ రాశాను. తర్వాత ఆయాసం వచ్చింది. ఎక్స్‌రే తీసి ఛాతీలో నీరు చేరిందన్నారు. టీబీ అనుకుని రెండు నెలలు మందులు వాడాం. తగ్గలేదు. సీటీ స్కాన్‌లో ఆరో పక్కటెముక మీద గడ్డ కనిపించింది. ముక్క పరీక్షలో ఈవింగ్ సార్కోమా అనే ఎముక క్యాన్సర్ అని తేలింది. ఇప్పుడు ముందు మూడు నెలలు కీమో, తర్వాతే ఆపరేషన్ అంటున్నారు. లోపల విషం పెట్టుకుని మూడు నెలలు కూర్చోవడమేమిటి, ముందు తీయించెయ్యమని మా అత్తగారు రోజూ ఏడుస్తున్నారు. టీబీ మందులతో కాలం పోగొట్టాను, తప్పు నాదేనా డాక్టరుగారూ?
– ఒక తల్లి, పెదగంట్యాడ

జవాబు: అమ్మా, చివరి ప్రశ్నకు ముందు చెబుతాను. తప్పు మీది కాదు. మన దగ్గర పిల్లల ఛాతీలో నీరు చేరితే ఏ డాక్టరుకైనా మొదట టీబీ, నిమోనియా గుర్తుకు రావాల్సిందే. చాలాసార్లు అవే అవుతాయి కూడా. టీబీ పక్కటెముకకే పట్టి చీముగడ్డలా పైకి రావడం కూడా ఉంది. మందులు మొదలుపెట్టాక కొన్ని వారాలకు కూడా నీరు తగ్గకపోయినా, రాత్రిపూట నొప్పితో పిల్లవాడు లేచినా, ఎక్స్‌రేలో ఒక పక్కటెముక అంచు కొరికినట్టు కనిపించినా అప్పుడు ఆగి మళ్లీ ఆలోచించాలి. ఆ పని డాక్టర్లది, అమ్మది కాదు. ఇది చదివే నా తోటి డాక్టర్లకు కూడా అదే మనవి: నీరు తీసినప్పుడు నీటినే కాదు, ఎక్స్‌రేలో పక్కటెముకలను కూడా ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చూడండి.

ఇప్పుడు మీ అత్తగారి మాట. ఆవిడ అడిగింది తెలివితక్కువ ప్రశ్న కాదు. ఒకప్పుడు సర్జన్లు కూడా అలాగే ఆలోచించారు. అమెరికాలో జేమ్స్ ఈవింగ్ అనే డాక్టరు 1921లో ఈ గడ్డను వేరే జబ్బుగా గుర్తించి రాశారు. ఆ తర్వాత చాలాకాలం గడ్డ కనబడితే కోయడమో కరెంటు (రేడియేషన్) పెట్టడమో, అంతకుమించి చేయగలిగింది లేదు. పిల్లలు కొన్నాళ్లు బాగుండేవారు. తర్వాత ఊపిరితిత్తుల్లోనో వేరే ఎముకలోనో మళ్లీ కనిపించేది. ఎందుకంటే గడ్డ మన చేతికి తగిలే నాటికే, ఏ స్కాన్‌కూ కనబడని కణాలు రక్తంలో బయలుదేరి ఉంటాయి. వాటిని కత్తి అందుకోలేదు. రక్తంలో తిరిగే మందు అందుకుంటుంది. అంటే ఈ మూడు నెలలు మీరు ఊరికే కూర్చోవడం లేదమ్మా. ఒళ్లంతా జరిగే చికిత్స మొదటి రోజు నుంచే మొదలైంది. మీ అత్తగారికి ఈ ఒక్క మాట నెమ్మదిగా చెప్పండి.

రెండో కారణం నా కత్తికి సంబంధించింది. కీమోకు ముందు ఈ గడ్డ మెత్తగా, రక్తంతో నిండి ఉంటుంది. చెయ్యి గట్టిగా తగిలితే చిట్లుతుంది. ఛాతీ లోపల చిట్లిందంటే ఆ కణాలు ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొర అంతా పడతాయి. అప్పుడు సగం ఛాతీకి రేడియేషన్ ఇవ్వాల్సి రావచ్చు. కీమో తర్వాత అదే గడ్డ చాలామందిలో ముడుచుకుని గట్టిపడుతుంది. మొదట నాలుగు పక్కటెముకలు తీయాలేమో అనిపించిన చోట, తర్వాత రెండింటితో సరిపోయిన పిల్లలను నేను చూశాను. పెరిగే పిల్లవాడికి ఒక్క పక్కటెముక మిగిల్చినా అది పెద్ద లాభం.

సాధారణంగా అయిదు రకాల మందులను రెండు జట్లుగా, రెండు వారాలకోసారి మార్చి మార్చి ఇస్తారు. సుమారు ఆరు విడతల తర్వాత మళ్లీ స్కాన్ తీసి ఆపరేషన్ చేస్తారు. ఆ తర్వాత మిగతా విడతలు. మొత్తం పద్నాలుగు దాకా ఉంటాయి. మీ డాక్టర్ల లెక్క కొంచెం అటూ ఇటూ ఉంటే కంగారు పడకండి. కాగితాల్లో ఎక్కడైనా ‘ఆస్కిన్ ట్యూమర్’ అని ఉన్నా భయపడకండి. 1979లో ఛాతీ గోడ గడ్డలకు ఆ పేరు పెట్టారు. రెండూ ఒకే కుటుంబమని తర్వాత జన్యు పరీక్షల్లో తేలింది.

తొందరపడి కోస్తే ఏమవుతుందో నాకు బాగా గుర్తున్న ఒక పిల్లవాడి విషయం చెబుతాను. పాడేరు వైపు ఊరు. ఎనిమిదేళ్లు. వీపు పక్కన నిమ్మకాయంత గడ్డ. ఒక చిన్న ఆసుపత్రిలో కొవ్వు గడ్డ అనుకుని, స్కాన్ లేకుండా, పక్కటెముకలకు అడ్డంగా కోసి తీసేశారు. తీసిన ముక్కను ల్యాబ్‌కు పంపలేదు, పారేశారు. అయిదు నెలలకు అదే మచ్చ కింద మళ్లీ లేచింది. అప్పుడు నా దగ్గరికి తెచ్చారు. మొదటి కత్తి తగిలిన ప్రతి చోటా ఆ కణాలు ఉండొచ్చు కాబట్టి ఆ మచ్చ, దాని చుట్టూ చర్మం, కింద కండ, దాని కింద ఎముకలు, అన్నీ కలిపి తీయాల్సి వచ్చింది. అడ్డంగా కోసినందువల్ల తీయాల్సిన వెడల్పు దాదాపు రెట్టింపయింది. వాళ్ల నాన్న ఆపరేషన్ థియేటర్ బయట నేల మీద కూర్చుని ఉన్నాడు. “మొదట్లోనే ఇక్కడికి రావాల్సింది కదమ్మా” అని ఒక్కటే అన్నాడు. ఆ మాట ఇన్నేళ్లయినా నన్ను వదలలేదు. ఎక్కడికి రావాలో అతనికి ఎవరు చెప్పారు?

అందుకే పదే పదే అంటున్నాను. ముక్క పరీక్ష కూడా చిన్న పని కాదు. లావు సూదితో తీసినా, చిన్న గాటు పెట్టినా, ఆ దారి రేపటి పెద్ద ఆపరేషన్‌లో గడ్డతో పాటే వచ్చేసేలా ఉండాలి. గాటు పక్కటెముక వెంబడి ఉండాలి. మీ బాబుకు ముక్క తీసిన చోటును ఫోన్‌లో ఫొటో తీసి దాచుకోండి. మూడు నెలల్లో ఆ మచ్చ మానిపోయి వెతికినా కనబడకపోవచ్చు. ఆపరేషన్ రోజు అది సర్జన్‌కు కావాలి.

కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు తాకితే పొద్దున చూద్దామని ఆగకండి. అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పారాసెటమాల్ వేసి చూద్దామనుకోవడం ఆ రోజుల్లో ప్రమాదం. గడ్డ మీద పసరు కట్టడం, కాపడం పెట్టడం, మర్దనా చేయడం వద్దు.

ఇంకొక మాట. ఈ జబ్బు వేరే చోటికి పాకకముందు పట్టుకుని పూర్తి చికిత్స చేస్తే పదిమందిలో సుమారు ఏడుగురు పిల్లలు అయిదేళ్లు దాటి బాగుంటున్నారు. పాకిన తర్వాత అయితే ఆ లెక్క సగానికి పడిపోతుంది. మీ బాబుకి ఊపిరితిత్తులు, మిగతా ఎముకలు, మూలుగ పరీక్షలు ఏం చూపించాయో మీ డాక్టరును నేరుగా అడగండి. అడగడం మీ హక్కు.

ప్రశ్న: మేడమ్, మాది భీమిలి. బోటు మీద వేటకి వెళ్తాను. పాపకి ఆరేళ్లు. కీమో అయింది, గడ్డ బాగా తగ్గిందన్నారు. వచ్చే నెల ఆపరేషన్. ఎడమ వైపు ముందు భాగంలో మూడు పక్కటెముకలు తీస్తారట. అక్కడ గుండె కదా. ఎముక లేకపోతే పాప ఊపిరి ఎలా తీస్తుంది? ప్లేటు పెడితే పాప పెరుగుతుంటే ప్లేటు పెరుగుతుందా? అడుగుదామంటే అక్కడ రద్దీ, భాష అర్థం కాదు.
– ఒక తండ్రి

జవాబు: మీరు అడిగినవి సరిగ్గా సర్జన్ రాత్రి పడుకునే ముందు ఆలోచించే ప్రశ్నలే నాయనా.

కొలిమి దగ్గర తిత్తి చూసే ఉంటారు. ఛాతీ అలాంటిదే. పక్కటెముకలు పైకి లేస్తే లోపలికి గాలి వస్తుంది. తిత్తి పక్కన పెద్ద మెత్తటి చోటు ఉంటే ఏమవుతుంది? లాగినప్పుడు ఆ చోటు లోపలికి పోతుంది, వదిలినప్పుడు బయటికి పొంగుతుంది. గాలి సరిగా రాదు. మూడు పక్కటెముకలు, అంతకు మించి తీసినప్పుడు, లేదా రంధ్రం అయిదు సెంటీమీటర్లు దాటినప్పుడు ఇలా అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి ఆ చోటును పూడుస్తాం. గడ్డ వీపు వైపు, భుజం రెక్క కింద ఉంటే చాలాసార్లు ఏమీ వేయకుండానే సరిపోతుంది, రెక్క ఎముకే మూత అవుతుంది. మీ పాపకి ముందు వైపు, గుండె మీద. అక్కడ పూడ్చాల్సిందే.

దేంతో పూడుస్తారంటే, నాకు నచ్చినది రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న మెత్తటి తెల్లటి షీటు, దాన్ని పీటీఎఫ్ఈ ప్యాచ్ అంటారు. నీరు, గాలి అందులోంచి పోవు. కొందరు పాలీప్రొపిలీన్ వల వాడతారు. మీ పడవ తాళ్లు చాలా వరకు అదే ప్లాస్టిక్‌తో చేసినవి. అంతే తేలిగ్గా, అంతే గట్టిగా ఉంటుంది. మిగిలిన పక్కటెముకలకు చిన్న చిన్న రంధ్రాలు చేసి, కరగని దారంతో ఆ షీటును చుట్టూ కుడతాం. డప్పు చర్మంలా బిగువుగా ఉండాలి. కొంచెం వదులైనా ఊపిరితో పాటు కొట్టుకుంటుంది. దాని మీద వీపు పక్క నుంచి పెద్ద కండను వేరు చేసి, రక్తనాళం తెగకుండా తిప్పి తెచ్చి కప్పుతాం. ఆ కండ ముఖ్యం. కీమోతో నీరసించిన చర్మం కింద నేరుగా ప్లాస్టిక్ ఉంటే మానదు, చీము పడుతుంది.

ప్లేటు పెరుగుతుందా అన్నారు. పెరగదు. అందుకే ఆరేళ్ల పిల్లకు గట్టి ప్లేటు పెట్టడానికి నేను ఒప్పుకోను. పెద్దవాళ్లకు రెండు వలల మధ్య ఎముక సిమెంటు పోసి గట్టి పలక చేస్తారు, టైటానియం కడ్డీలు బిగిస్తారు. పిల్లల్లో ఛాతీ పెరుగుతుంటే ఆ గట్టి పలక అక్కడే నిలిచిపోతుంది, ఆ పక్క కుంచించుకుపోతుంది, కడ్డీలు సడలడం, విరగడం కూడా ఉంది. మెత్తటి ప్యాచ్ కూడా పెరగదు గానీ, మెత్తనిది కాబట్టి చుట్టూ ఎముకలు కొంత తమ దారిన పెరుగుతాయి. ఆరు నెలలకోసారి పొడవు పెంచే టైటానియం పక్కటెముక కూడా ఉంది. అమెరికాలోని టెక్సాస్‌లో తయారుచేశారు. 2004లో అక్కడి ప్రభుత్వ అనుమతి వచ్చింది. అది ముఖ్యంగా పుట్టుకతో పక్కటెముకలు అతుక్కుని, వెన్ను వంకరగా ఉన్న పిల్లల కోసం. పొడవు పెంచిన ప్రతిసారీ మత్తు ఇచ్చి కోయాలి. అందరికీ అవసరం లేదు. మీ పాప వయసుకు, ముందు వైపు గడ్డకు ప్యాచ్, దాని మీద కండ, ఇదే ఎక్కువమంది పిల్లల సర్జన్లు ఎంచుకునేది. మీ సర్జన్ వేరేది చెబితే కారణం అడగండి.

ఆపరేషన్‌లో ముందు చేసేది, పాత ముక్క పరీక్ష మచ్చ చుట్టూ కోసి దాన్ని గడ్డతోనే ఉంచడం. గడ్డకు దూరంగా, ఒక ఎముక సందు కిందుగా ఛాతీ తెరిచి, వేలు లోపలికి పెట్టి గడ్డ ఎక్కడిదాకా ఉందో తడిమి చూస్తాం. ఆ తర్వాతే ఎముక కోత. ఊపిరితిత్తి అంచు అతుక్కుని ఉంటే ఊడదీయం, ఆ చిన్న ముక్కను గడ్డతో పాటే తీస్తాం. మొత్తం ఒక్క ముక్కగా రావాలి. వచ్చాక ఏ అంచు ఎటువైపుదో గుర్తుకు దారాలు కట్టి ల్యాబ్‌కు పంపుతాం. రిపోర్టు రెండు వారాలు ఆలస్యమైతే ఏదో దాస్తున్నారని అనుకోకండి. ఎముకను ద్రావకంలో మెత్తబరిస్తే తప్ప పలచగా కోసి చూడలేరు. ఆ రిపోర్టులో రెండు సంగతులు అడగండి: అంచులు శుభ్రంగా ఉన్నాయా, కీమోకి గడ్డలో ఎంత శాతం చనిపోయింది. అంచులో కణాలు మిగిలితే రేడియేషన్ గురించి మాట్లాడతారు. ఎడమ వైపు గుండె ఉంది కాబట్టి అది జాగ్రత్తగా చూసి ఇవ్వాల్సిన చికిత్స.

పాప బయటికి వచ్చాక ఛాతీ నుంచి ఒక ట్యూబు, కింద నీళ్లున్న సీసా ఉంటాయి. సీసాలో నీళ్లు ఊపిరితో పాటు పైకీ కిందికీ ఆడుతుంటాయి. మొదట్లో బుడగలు వచ్చినా భయపడకండి. సీసాను పాప మంచం కన్నా పైకి ఎత్తకూడదు, ఒకటే గుర్తు పెట్టుకోండి. నొప్పికి వెన్నులో సన్నటి గొట్టం ద్వారా మందు ఇస్తారు. నొప్పి లేకపోతేనే పిల్ల గట్టిగా ఊపిరి తీస్తుంది, దగ్గుతుంది. కఫం పేరుకోకుండా ఉండాలంటే ఆ రెండూ కావాలి. మూడు బంతుల బొమ్మ ఒకటిస్తారు, ఊపిరి లోపలికి పీల్చి బంతులు పైకి లేపాలి. ఇప్పటి నుంచే ఇంట్లో రోజూ ఆడించండి. ఆపరేషన్ తర్వాత నేర్పాలంటే ఏ పిల్లా వినదు.

భాష గురించి ఒక మాట. ప్రశ్నలు తెలుగులోనే కాగితం మీద రాయించుకుని వెళ్లండి. వార్డులో నర్సమ్మలు మనవాళ్లే ఉంటారు, చదివి అడుగుతారు. కాగితం చేతిలో ఉంటే ఏ డాక్టరైనా నిలబడతాడు.

ప్రశ్న: మా మేనల్లుడికి పన్నెండేళ్లు, పక్కటెముకలో గడ్డ. ముంబయి తీసుకెళ్లకపోతే లాభం లేదని అందరూ అంటున్నారు. పొలం అమ్మేదా?
– ఒక మేనమామ, పలాస

జవాబు: ముందు పొలం అమ్మకండి. ముంబయి టాటా మెమోరియల్ వాళ్ల ఆధ్వర్యంలోనే మన విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మొదట అక్కడ చూపించండి. ముక్క పరీక్ష ఇంకా కాకపోతే, అది కూడా అక్కడే చేయించండి. అయిపోయి ఉంటే ఆ స్లైడ్లు, ముక్కను దాచిన మైనం దిమ్మలు మీ హక్కు, అడిగి తీసుకెళ్లండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, ఆధార్ వెంట పెట్టుకోండి. ఎక్కడ చూపించినా అడగాల్సింది ఒకటే: పిల్లల కీమో చూసే డాక్టరు, ఛాతీ ఆపరేషన్ చేసే సర్జన్, రేడియేషన్ డాక్టరు, ముగ్గురూ కూర్చుని ఈ పిల్లవాడి స్కాన్లు కలిసి చూశారా? చూశామంటే అక్కడే ఉండండి. వాళ్లే పైకి పంపితే అప్పుడు వెళ్లండి. రైలు ప్రయాణంలో క్యాన్సర్ రోగికి, తోడుగా వెళ్లేవారికి రాయితీ ఉంది. ఫారం మీద డాక్టరు సంతకం తీసుకోండి.

ప్రశ్న: మా పాపకి నాలుగేళ్లు. స్నానం చేయిస్తుంటే రొమ్ము ఎముక పక్కన గట్టిగా ఉబ్బు తగిలింది. నొప్పి లేదు. ఇంటర్నెట్‌లో చూసి రెండు రోజులుగా నిద్ర లేదు, ఒకటే టెన్షన్.
– మధురవాడ

జవాబు: నిద్రపోండి. ఈ వయసులో నొప్పి లేకుండా, ఎముకలా గట్టిగా, కదలకుండా ఉండే ఉబ్బు చాలాసార్లు పక్కటెముక చివర రెండుగా చీలి ఉండటమో, మృదులాస్థి ఒకవైపు కాస్త ముందుకు రావడమో అవుతుంది. పుట్టినప్పటి నుంచే ఉంటుంది, పిల్ల సన్నబడినప్పుడు చేతికి తగులుతుంది. ఒకసారి డాక్టరు చేత్తో చూసి, ఒక ఎక్స్‌రే, అవసరమైతే అల్ట్రాసౌండ్ చేస్తే తేలిపోతుంది. వారాల్లో పెరుగుతుంటే, రాత్రి నొప్పితో లేస్తుంటే, ఆయాసం, తగ్గని జ్వరం, బరువు తగ్గడం ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. ఈ పాపకు నొప్పి లేదని మీరే రాశారు.

ప్రశ్న: నాకు పదిహేనేళ్లు. పదేళ్లప్పుడు కుడి వైపు వెనక మూడు పక్కటెముకలు తీశారు. ఇప్పుడు జబ్బు లేదు. కానీ ఒక భుజం కిందికి ఉంది. చున్నీ ఎప్పుడూ ఒకవైపే జారుతుంది. అమ్మ ఎవరికీ చెప్పొద్దంటుంది. పీటీ టీచర్ ఆటల్లోకి రమ్మంటారు, కారణం చెప్పలేక కడుపునొప్పి అంటాను. నాకు ఈత నేర్చుకోవాలని ఉంది. నేర్చుకోవచ్చా?
– గాజువాక

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చున్నీ జారడం నువ్వు గమనించడం చాలా మంచిదైంది. పక్కటెముకలు, ముఖ్యంగా వెన్నుకు దగ్గరగా ఉన్న భాగం తీసినప్పుడు, ఒకవైపు ఆనుడు తగ్గి వెన్నుపూస మెల్లగా వంగవచ్చు. ఎత్తు వేగంగా పెరిగే ఏళ్లలోనే ఆ వంపు ఎక్కువవుతుంది. నువ్వు నిలబడి ఉండగా వెన్ను మొత్తం ఎక్స్‌రే తీయించాలి. డాక్టర్లు వంపు కోణం కొలుస్తారు. కొద్దిగా ఉంటే ఆరు నెలలకోసారి కొలుస్తూ చూస్తారు, ఎక్కువగా ఉంటే బెల్టు, ఇంకా ఎక్కువైతే ఆపరేషన్ గురించి ఎముకల డాక్టరు మాట్లాడతారు. ఇది ఈ నెలలోనే చేయించుకో. ఈ పేజీ అమ్మకు చూపించు.

ఇంకొకటి. నీ జబ్బు ఈవింగే అయి ఉంటే, నీకు ఇచ్చిన మందుల్లో గుండె కండను బలహీనపరిచేది ఒకటి ఉండి ఉంటుంది. దాని ప్రభావం ఏళ్ల తర్వాత కూడా కనిపించవచ్చు. నీకు ఏమీ తెలియకపోయినా గుండె ఎకో పరీక్ష క్రమంగా చేయించుకోవాలి. పాత డిశ్చార్జి కాగితాలు దొరికితే ఏ మందు ఎంత ఇచ్చారో అందులో ఉంటుంది. ఆ కాగితాల జిరాక్సు ఒకటి నీ పేరు మీద ఫైల్‌లో పెట్టుకో. ఇంకో మూడేళ్లలో చదువు కోసం ఎక్కడికైనా వెళ్తావు, అక్కడి డాక్టరుకు నువ్వే చెప్పుకోవాలి.

అమ్మగారూ, మీరు ఇది చదువుతుంటే, మీ భయం నాకు తెలుసు. పెళ్లినాటికి ఎవరో ఏదో అంటారని దాస్తున్నారు. కానీ పాప రోజూ టీచర్‌కు అబద్ధం చెప్పాల్సి వస్తోంది. చిన్నప్పుడు ఛాతీకి ఆపరేషన్ అయిందని, బంతి గట్టిగా తగలకుండా చూడమని పీటీ టీచర్ ఒక్కరికి చెప్పండి. అంతకు మించి చెప్పనక్కర్లేదు.

ఈత నేర్చుకో. ముందు ఎకో, వెన్ను ఎక్స్‌రే చూపించి డాక్టరు సరేనంటే మొదలుపెట్టు. ఊపిరికీ, రెండు భుజాలకీ అంతకన్నా మంచి వ్యాయామం నాకు తెలియదు. మొదట్లో ఆపరేషన్ అయిన వైపు చెయ్యి పైకి పూర్తిగా లేవకపోవచ్చు, బలవంతం చేయకు, మెల్లగా వదులవుతుంది. నేర్పేవాళ్లున్న ఈతకొలనులోనే దిగు. ఆర్కే బీచ్‌లో మాత్రం దిగకు, అక్కడ అలల లాగుడు బాగా ఈత వచ్చినవాళ్లనే లోపలికి లాగేస్తుంది.